దేవుణ్ణి నమ్మనివాళ్లకి చట్టంలో చోటెక్కడ

అందరికీ నమస్కారం. ఏయే దేశాల్లో నాస్తికత్వం నేరం అని చాలామంది అడుగుతుంటారు, ఒక లిస్టు చదివేసి కూర్చోవచ్చు గానీ, అసలు "నేను దేవుణ్ణి నమ్మను" అనడమే నేరం అని సూటిగా రాసుకున్న చట్టాలు తక్కువే. చాలాచోట్ల అది వేరే పేర్లతో వస్తుంది, మతద్రోహం (ఉన్న మతాన్ని వదిలేయడం) అనో, దైవదూషణ అనో, మనోభావాలు దెబ్బతిన్నాయనో, ఇవేవీ కాకపోతే ఒక ఫారంలో మతం అనే కాలమ్ ఉంటుంది, అందులో "లేదు" అని రాయనివ్వరు.

సూటిగా రాసినవాళ్లూ ఉన్నారు. సౌదీ అరేబియా హోంశాఖ 2014లో ఉగ్రవాదం కింద లెక్కవేసే పనుల జాబితా ఇచ్చింది, నాస్తిక ఆలోచన వైపు పిలవడం అందులో మొట్టమొదటి అంశం. మాల్దీవుల్లో 2008 రాజ్యాంగం ప్రకారం ముస్లిం కానివాళ్లు పౌరులే కాలేరు. దీనికి పూర్తిగా ఎదురు అల్బేనియా, 1967లో మతాలన్నిట్నీ నిషేధించి తమది నాస్తిక దేశం అని ప్రకటించుకున్నారు, మసీదులూ చర్చిలూ మూసేశారు. నాస్తికులం అని చెప్పుకునేవాళ్లు దీన్ని కూడా అంతే గట్టిగా తప్పు అనాలి, మనిషి మనసులో ఏముండాలో ప్రభుత్వం చెప్పడం రెండు వైపులా ఒకే దౌర్జన్యం.

ఇప్పుడు నైజీరియా చూడండి. రాజ్యాంగంలో ఆలోచనా స్వేచ్ఛ ఉంది, మతం మార్చుకునే స్వేచ్ఛ ఉంది, దేశానికి అధికార మతం ఉండకూడదని కూడా ఉంది. పౌర హక్కుల అంతర్జాతీయ ఒప్పందంలో కూడా నైజీరియా ఉంది, ఆ ఒప్పందం 18వ ఆర్టికల్ ఏ మతమూ లేనివాళ్లని కూడా కాపాడుతుందని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 1993లోనే తేల్చి చెప్పింది. ఇన్ని ఉండి కూడా ఏమైంది? ముబారక్ బాలా, అక్కడి హ్యూమనిస్టు సంఘం (దేవుడితో పనిలేకుండా మానవ విలువలు చాలనేవాళ్ల సంఘం) ప్రెసిడెంటు, ఇస్లాంని కించపరిచేలా ఫేస్‌బుక్ పోస్టులు పెట్టాడని కంప్లైంట్ వస్తే 2020 ఏప్రిల్లో పోలీసులు కదునా నగరంలో ఇంటికొచ్చి పట్టుకుని కానో నగరానికి తీసుకెళ్లారు, అప్పటికి భార్యకి కాన్పయ్యి కొన్ని వారాలే. ఏడాదికి పైగా ఛార్జిషీటు లేకుండానే లోపల ఉంచారు, 2022లో నేరం ఒప్పుకున్నాక 24 ఏళ్ల శిక్ష వేశారు. 2024లో అప్పీలు కోర్టు దాన్ని 5 ఏళ్లకి తగ్గిస్తే 2025 జనవరిలో బయటికొచ్చాడు. ఇంత జరిగినా ఆ కేసులో నాస్తికత్వం అనే నేరం ఎక్కడా లేదు.

సరే, జైళ్లు పక్కన పెడదాం, ప్రమాణం సంగతి చూద్దాం. 1880లో చార్లెస్ బ్రాడ్‌లా నార్తాంప్టన్ నుంచి బ్రిటిష్ పార్లమెంటుకి గెలిచాడు, దేవుడి మీద కాకుండా మామూలుగా మాటిస్తా అన్నాడు, కుదరదన్నారు, పోనీ ప్రమాణమే చేస్తా అంటే నువ్వు నాస్తికుడివి కదా నీ ప్రమాణానికి విలువేంటి అన్నారు! ఒక రాత్రి పార్లమెంటు క్లాక్ టవర్లో బంధించారు కూడా. సీటు పోవడం, ఉప ఎన్నికలో మళ్లీ గెలవడం, ఇలా సాగి సాగి 1886లో గానీ కూర్చోలేకపోయాడు, 1888లో దేవుడి పేరు లేకుండా మాటివ్వొచ్చని చట్టమే మార్పించాడు. అమెరికాలో రాయ్ టోర్కాసో అనే ఆయనకి నోటరీ ఉద్యోగం కోసం దేవుడున్నాడని రాసివ్వమన్నారు, రాయను అన్నాడు, 1961లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆయన వైపే తీర్పిచ్చింది. అయినా మేరీల్యాండ్, టెక్సస్ లాంటి రాష్ట్రాల రాజ్యాంగాల్లో పదవికి దేవుడి మీద నమ్మకం ఉండాలనే వాక్యాలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి, అమలు చేయలేరు, తీసెయ్యరు. పదవీ ప్రమాణాల మాటలుండే భారత రాజ్యాంగం మూడో షెడ్యూల్లో మాత్రం మొదట్నించీ రెండు దారులూ ఉన్నాయి, దైవసాక్షిగా లేదా ఆత్మసాక్షిగా.

ఇక మొదట్లో చెప్పిన ఆ మతం కాలమ్. ఈజిప్టు గుర్తింపు కార్డులో ఇస్లాం, క్రైస్తవం, యూదు, ఈ మూడే. బహాయీ అనే చిన్న మతం వాళ్లు ఏళ్లపాటు కోర్టుల చుట్టూ తిరిగితే 2009 నుంచి వాళ్ల కార్డులో మతం దగ్గర ఒక అడ్డగీత వస్తోంది, నాస్తికుడికి ఆ గీత కూడా లేదు. ముస్లింగా పుట్టినవాడు కార్డులో ముస్లింగానే ఉంటాడు, పెళ్లి, ఆస్తి, పిల్లల కస్టడీ అన్నీ దాని ప్రకారమే నడుస్తాయి. ఇండోనేషియాలో మతం లేకుండా ఉండే హక్కు కావాలని ఇద్దరు రాజ్యాంగ కోర్టుకి వెళ్తే 2025 జనవరిలో కొట్టేశారు. ఇలాంటి తీర్పులకి పేపర్లో హెడ్‌లైన్ రాదు, కానీ కోట్లమంది జీవితాన్ని తాకేది ఇదే.

పారిపోయి వేరే దేశం వెళ్తే? బ్రిటన్ 2014లో ఒక ఆఫ్ఘన్ యువకుడికి నాస్తికుడు అన్న కారణం మీదే ఆశ్రయం ఇచ్చింది, అది మంచి అడుగు. కానీ నాలుగేళ్లకే, ప్రాణభయం ఉందన్న ఒక పాకిస్తానీ హ్యూమనిస్టు అప్లికేషన్ తిరస్కరిస్తూ చూపించిన కారణాల్లో ఒకటి, ప్లేటో, అరిస్టాటిల్ పేర్లు చెప్పలేకపోయాడని! నమ్మకం లేనివాడికి పరీక్ష పెట్టాలంటే ఏం అడగాలో ఆ అధికారికి తెలీలేదు. వందమందికి పైగా ఫిలాసఫర్లు, ప్రొఫెసర్లు లెటర్ రాశారు, అప్పీలుకి వెళ్లాడు, 2019లో ఆశ్రయం దొరికింది.