ఆకుపచ్చ నీళ్లలో గామా గోళీ

స్క్రీన్ మీద చూస్తున్న ఈ గాజు గొట్టంలో సూక్ష్మ నాచు పెరుగుతోంది. అడుగు నుంచి గాలి బుడగలు, బయటి నుంచి దీపం వెలుగు. లోపల ఏం జరుగుతోందో కనిపిస్తోందా? కెమెరాకీ కనిపించదు. నాచు చిక్కబడిందంటే వెలుతురు గోడ దాటి కొద్ది సెంటీమీటర్లు కూడా లోపలికి పోదు.

చిక్కంతా ఇక్కడే. వెలుగు మరీ ఎక్కువైతే గోడ దగ్గరి కణం దెబ్బతింటుంది. మధ్యలో ఉన్నదేమో చీకట్లో పస్తులుంటుంది. అందుకే కణాలు అటూ ఇటూ తిరుగుతుండాలి. ఎంతసేపు వెలుగులో, ఎంతసేపు చీకట్లో అన్న లెక్క మీదే పంట ఆధారపడుతుంది. పోనీ గాలి గట్టిగా కొడదామా అంటే, ఆ తాకిడికి కొన్ని రకాల కణాలు చితికిపోతాయి.

మామూలుగా రంగో ఉప్పో పోసి, ఎంతసేపట్లో కలిసిందో చూస్తారు. మంచి పద్ధతే. కాకపోతే అది గుంపు లెక్క చెబుతుంది గానీ, గుంపులో తప్పిపోయిన పిల్లాడు ఎటెటు తిరిగాడో చెప్పదు.

ఆ పిల్లాడి వెంట పడటానికే ఈ గోళీ. సైజు ఒకటి రెండు మిల్లీమీటర్లు. లోపల స్కాండియం-46 అనే రేడియోధార్మిక లోహపు రేణువు ఉంటుంది, దాని అర్ధాయువు, అంటే రేడియోధార్మికత సగానికి తగ్గడానికి పట్టే కాలం, సుమారు 84 రోజులు. స్కాండియం నీటికంటే బరువు కదా, అందుకని గోళీలో కొంచెం ఖాళీ వదిలి మొత్తం సాంద్రతను ద్రవంతో సమానం చేస్తారు. ఇక అది మునగదు, తేలదు, ప్రవాహం ఎటు తీసుకెళ్తే అటు పోతుంది. మూత బిగించిన గోళీ కాబట్టి రేడియోధార్మిక పదార్థం నీళ్లలో కలవదు.

అది వదిలే గామా కిరణాలు నీటినీ గోడనీ దాటి బయటికి వస్తాయి. నాచు పెరిగే ఈ గొట్టాన్నే రియాక్టర్ అంటారు. దాని చుట్టూ ఆ కిరణాలను లెక్కపెట్టే సోడియం అయోడైడ్ డిటెక్టర్లు ఉంటాయి. గోళీ దగ్గరికొస్తే కౌంట్ పెరుగుతుంది, దూరమైతే తగ్గుతుంది. అన్ని డిటెక్టర్ల కౌంట్లూ కలిపి చూస్తే గోళీ చోటు తెలుస్తుంది.

చెప్పడానికి సులువే. ముందు కాలిబ్రేషన్ చేయాలి, అసలు విసుగంతా అక్కడుంది. గోళీని కడ్డీకి తగిలించి, తెలిసిన వందలాది చోట్ల పెట్టి, ఒక్కో చోట కౌంట్లు రాసుకోవాలి. అదీ బుడగలు నడుస్తుండగానే, ఎందుకంటే కిరణాలను నీళ్లు ఆపినంతగా గాలి ఆపదు. ఆ తర్వాత గోళీని గంటల తరబడి వదిలేస్తారు. ఒక్క గోళీయే అన్ని మూలలూ మళ్లీ మళ్లీ తిరిగొస్తుంది.

అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు పోర్ఫిరిడియం అనే ఎర్ర నాచు రియాక్టర్ల అధ్యయనంలో ఈ పద్ధతి వాడారు. అసలు నాచుకీ రేడియోధార్మికతకీ పాత స్నేహమే. అమెరికన్ శాస్త్రవేత్త మెల్విన్ కాల్విన్ క్లోరెల్లా నాచుకు కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ తినిపించి కిరణజన్య సంయోగక్రియ దారి పట్టుకున్నాడు. దానికే 1961లో నోబెల్. అక్కడ వెతికింది కణం లోపల, ఇక్కడ వెతుకుతున్నది బయట.

ఒక పేచీ మాత్రం ఉంది. నాచు కణం సైజు మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో) ఉంటుంది, గోళీ దానికి వందల రెట్లు పెద్దది. చిన్న చిన్న సుడుల్లో కణం గిరగిరా తిరుగుతుంటే, గోళీ వాటిని పట్టించుకోకుండా సాగిపోతుంది. గోడ నుంచి మధ్యకి, మధ్య నుంచి గోడకి జరిగే పెద్ద ప్రయాణాలను మాత్రం వదలదు. ఆ దారిని, గొట్టంలో ఏ చోట ఎంత వెలుగుందో చూపే మ్యాప్ మీద పరిస్తే, ఏ సెకనులో ఎంత వెలుగు తగిలిందో గీతగా వస్తుంది. నాచు ఎంత పెరుగుతుందో లెక్కగట్టే సమీకరణాలకు అందించేది ఆ గీతనే.