వొడాఫోన్–ఐడియా విలీనం: మదుపరులు ఆ రోజే ఎందుకు అమ్ముకున్నారు?

యాంకర్: నమస్కారం. 2017 మార్చి 20న దేశంలోకెల్లా పెద్ద టెలికాం కంపెనీ పుడుతోందని ప్రకటించారు. అదే రోజు ఐడియా షేరు దాదాపు పది శాతం పడింది. మదుపరులకు ఏం నచ్చలేదు సార్?

మార్కెట్ విశ్లేషకుడు: పొద్దున పెరిగిందండీ. ప్రకటన రాగానే ఎగబడి కొన్నారు. వివరాలు చదివాక అమ్మకాలు మొదలయ్యాయి. అందులో ఒక అంకె ఉంది, 72 రూపాయల 50 పైసలు. విలీనం లెక్కలో ఐడియా షేరుకు కట్టిన ధర అది. మార్కెట్లో చూస్తే వంద దాటి నడుస్తోంది. చర్చలు జరుగుతున్నాయని జనవరి 30న వొడాఫోన్ ఒప్పుకోగానే షేరు ఒక్కరోజులో పాతిక శాతం ఎగిరింది. ప్రమోటర్లు, అంటే కంపెనీల అసలు యజమానులు, ఆ ఎగురుడును పక్కనపెట్టి, అంతకుముందు నెల రోజుల సగటు తీసుకున్నారు. వార్త విని వంద దగ్గర కొన్నవాళ్లు ఉలిక్కిపడ్డారు.

చార్టర్డ్ అకౌంటెంట్: ధర సంగతి ఒకరోజు ముచ్చట. నన్నడిగితే అసలు భయం అప్పు. రెండింటికీ కలిపి లక్ష కోట్లకు పైనే ఉంది. జియో వచ్చిన ఆరు నెలలకే ఐడియా, లిస్టయ్యాక తొలిసారి త్రైమాసిక నష్టం చూపించింది. అప్పులైతే కాగితం మీద కలిసిపోతాయి. కస్టమర్లు కలిసి ఉంటారని ఎవరు హామీ ఇస్తారు?

యాంకర్: ఏటా 14,000 కోట్లు ఆదా అవుతుందన్నారు కదా మేడమ్?

చార్టర్డ్ అకౌంటెంట్: నాలుగో ఏడాదికి అన్నారు. ఒకే చోట రెండు టవర్ అద్దెలు ఎందుకు కట్టాలన్న ఆలోచన సరైనదే. కానీ 2018 ఆగస్టు 31న విలీనం పూర్తయ్యేనాటికి 40 కోట్లు దాటి ఉన్న కస్టమర్లు, ఏడేళ్లలో సగానికి పడిపోయారు. ఆదాయమే జారిపోతుంటే ఆదా ఏ మూలకొస్తుంది?

మార్కెట్ విశ్లేషకుడు: పైగా 2019 అక్టోబరు 24న సుప్రీంకోర్టు ఏజీఆర్ తీర్పు. ఏజీఆర్ అంటే ప్రభుత్వానికి కట్టాల్సిన ఫీజులను లెక్కగట్టే ఆదాయం. గోరుచుట్టు మీద రోకటిపోటు. టెలికాం శాఖ లెక్కలో 58 వేల కోట్లకు పైగా బకాయి తేలింది. అసలుకు వడ్డీ, జరిమానా, ఆ జరిమానా మీద మళ్లీ వడ్డీ. 2017లో దీన్ని ఇంత పెద్దదిగా ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. కాబట్టి ఆ రోజు అమ్మినవాళ్లందరూ ముందే పసిగట్టారని నేననను.

యాంకర్: లైన్లో ఒక ప్రేక్షకుడు అడుగుతున్నారు. "వొడాఫోన్ ఐడియా షేరు పది రూపాయల చుట్టూ తిరుగుతోంది, చవకే కదా, ఓ వెయ్యి కొని పెట్టుకుంటే?" అని.

చార్టర్డ్ అకౌంటెంట్: బాబూ, షేరు ధర ఒక్కటే చూడొద్దు, షేర్లు ఎన్ని ఉన్నాయో చూడు. విలీనం అయ్యాక సుమారు 873 కోట్ల షేర్లు. 2019 రైట్స్ ఇష్యూలో, అంటే పాత వాటాదారులకే కొత్త షేర్లు అమ్మినప్పుడు, 12 రూపాయల 50 పైసల చొప్పున 25,000 కోట్లు సేకరించారు, అంటే ఒక్కసారిగా 2,000 కోట్ల కొత్త షేర్లు. ప్రతి 38 షేర్లకు 87 ఇచ్చారు. డబ్బు కట్టలేనివాడి వాటా మూడో వంతుకన్నా తక్కువైపోయింది. 2023లో ప్రభుత్వం 16,133 కోట్ల వడ్డీ బాకీకి పది రూపాయల చొప్పున షేర్లు తీసుకుంది. 2024లో 11 రూపాయలకు ఎఫ్‌పీవో, అంటే మళ్లీ జనానికి కొత్త షేర్ల అమ్మకం. 2025లో మళ్లీ ప్రభుత్వానికి 36,950 కోట్ల బాకీ షేర్లయింది. ఇప్పుడు మొత్తం షేర్లు పదివేల కోట్లు దాటాయి. కేకు అదే, ముక్కలు పన్నెండు రెట్లు.

మార్కెట్ విశ్లేషకుడు: నేను కొంచెం విభేదిస్తాను. ప్రభుత్వం వాటా 49 శాతం అయ్యాక కంపెనీని మునగనివ్వరన్న ఆశ ఉత్తదేం కాదు. దేశానికి మూడో ప్రైవేటు ఆపరేటర్ కావాలి.

చార్టర్డ్ అకౌంటెంట్: కావాలి, నేనూ అదే కోరుకుంటాను. కానీ కంపెనీ బతకడం వేరు, చిన్న మదుపరి డబ్బు తిరిగి రావడం వేరు. ప్రతిసారీ కంపెనీని బతికించింది కొత్త షేర్లే, పలచబడింది పాత వాటాదారుడే. నా దగ్గరికొచ్చే రిటైరైన మాస్టార్లకి ఇది చెప్పేసరికి కడుపు తరుక్కుపోతుంది.

యాంకర్: మరి ఈయన దేని మీద కన్నేసి ఉంచాలి?

చార్టర్డ్ అకౌంటెంట్: వచ్చే బాకీ గడువుకి కంపెనీ డబ్బు కడుతుందా, మళ్లీ షేర్లే ఇస్తుందా అన్నది. అది తేలేదాకా ఆ వెయ్యి షేర్ల డబ్బు బ్యాంకులోనే ఉంచు బాబూ.