గోడ మీద బరువు పడని బురుజు

అందరికీ నమస్కారం.

పాత బురుజును మ్యూజియం చేద్దామనగానే అందరి చూపూ పైకప్పు మీదికి, దీపాల మీదికి పోతుంది. ముందు చూడాల్సింది పునాది కింది మట్టిని. ఇంగ్లండులోని యార్క్ నగరంలో ఉన్న క్లిఫర్డ్స్ టవర్‌నే తీసుకోండి. 13వ శతాబ్దంలో ఇంగ్లండు రాజు మూడో హెన్రీ కట్టించిన రాతి బురుజు, పైనుంచి చూస్తే నాలుగు రేకుల పువ్వు. కూర్చున్నది మాత్రం మనుషులు పోసిన మట్టిదిబ్బ మీద. దిబ్బ దిగబడి 14వ శతాబ్దంలోనే గోడలు నెర్రెలు విచ్చాయి. 1684లో అగ్నిప్రమాదంలో కప్పూ అంతస్తులూ పోయి, బురుజు డొల్లగా మిగిలింది.

2022లో, చారిత్రక కట్టడాలను చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ దీన్ని మళ్లీ తెరిచింది. డొల్ల లోపల నాలుగు కలప స్తంభాలు నిలిపి, గోడల మీద బరువు పడకుండా వాటి మీదే చెక్క డెక్, అంటే జనం నిలబడే వేదిక వేశారు. స్తంభాల కింద విడివిడి గుంతలు తవ్వలేదు. బరువంతా దిబ్బ మీద పరుచుకునేలా ఒకటే పలక, అంటే రాఫ్ట్ పునాది వేశారు. 1684 తర్వాత ఎవరూ అడుగుపెట్టలేని మొదటి అంతస్తు గదులకు దారి కావాలి కదా, ఆ నడకదారులను డెక్ నుంచే వేలాడదీశారు. హెన్రీ మరుగుదొడ్డి కూడా ఇప్పుడు చూడొచ్చు. జనం అక్కడ ఎక్కువసేపు ఆగితే ఆశ్చర్యమేముంది!

ఇక గోడల సంగతి. ఏ దేశంలోనైనా పాత రాతిగోడలకు బాగా నష్టం చేసేవాటిలో సిమెంటు ఒకటి. రాయిలో చేరిన తేమ రాళ్ల మధ్య అతుకులగుండా బయటికి పోవాలి. అతుకులో సిమెంటు బిగిస్తే ఆ తేమ రాయిగుండా పోతుంది; దానితోపాటు వచ్చిన ఉప్పు రాతి ముఖం కింద గడ్డకట్టి పెచ్చులూడదీస్తుంది. కొన్నాళ్లకు అతుకు ముందుకు పొడుచుకొచ్చి, రాయి లోపలికి తినేసినట్టు కనిపిస్తుంది. మన డంగు సున్నం మేస్త్రీలకు ఇది కొత్త సంగతేమీ కాదు.

పాత అతుకును ఉలితో, చేత్తోనే తీయాలి. గ్రైండరు పెడితే రాతి అంచులు పోతాయి. అతుకు వెడల్పుకు కనీసం రెండింతల లోతు తీసి, దుమ్ము దులిపి, తడిపి, ఒక పాలు సున్నానికి రెండున్నర నుంచి మూడు పాళ్లు గరుకు ఇసుక కలిపి కూరాలి. ఆపైన తడి గోనెపట్టా కప్పాలి. త్వరగా ఆరితే సున్నం గట్టిపడదు, పొడిగా రాలుతుంది. చలిదేశాల్లో 5 డిగ్రీల కంటే తగ్గితే పని ఆపేయాలి. లోపలి నీరు గడ్డకట్టి కొత్త అతుకును పగలగొడుతుంది.

సభలూ కచేరీలూ పెట్టాలంటే లెక్క మారుతుంది. నిలబడి కదిలే జనానికి చదరపు మీటరుకు సుమారు 500 కిలోల బరువు పట్టుకుని అంతస్తును రూపొందించాలి. వంద చదరపు మీటర్లయితే 50 టన్నులు. అంత మోసే డెక్ కట్టగలం, కానీ అతిథుల సంఖ్యను తేల్చేది డెక్ కాదు, మెట్లు. క్లిఫర్డ్స్ టవర్‌కు దిబ్బ ఎక్కడానికే 55 మెట్లు. చక్రాల కుర్చీ వెళ్లదు, కేటరింగ్ గిన్నెలు చేత్తో మోయాల్సిందే. పొగ కమ్ముకుంటే ఇరుకు మెట్ల మీద ఎందరు ఎన్ని నిమిషాల్లో దిగగలరో ముందు లెక్క తేల్చి, అంతకు మించి టికెట్లు ఇవ్వకూడదు.

ఇంకో మాట. ఇదే దిబ్బ మీద అంతకుముందున్న కొయ్య బురుజులో 1190లో సుమారు 150 మంది యూదులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అక్కడ ఏ వేడుకకు అనుమతి ఇవ్వాలో రాసుకునే పట్టికలో మొదటి గడి అదే.