మన ఆన్‌లైన్ షాపుకు హెడ్‌లెస్ అవసరమా?

హోస్ట్: నమస్కారం, తిరుపతి నుంచి మాట్లాడుతున్నాం. ఈ వారం ప్రశ్న శ్రీకాళహస్తిలో కలంకారీ చీరలు అమ్మే ఒకావిడ పంపారు. ఆన్‌లైన్ షాపులు పెట్టుకునే షాపిఫై అనే సర్వీసులో సైటు ఉంది. ఫోన్లో నిదానంగా తెరుచుకుంటోందని ఒక డెవలపర్‌ని అడిగితే, హెడ్‌లెస్‌కు మారితే వేగం వస్తుందన్నారట. మారాలా, వద్దా? అక్కా, అసలు హెడ్‌లెస్ అంటే ఏంటో ముందు రెండు ముక్కల్లో చెప్పండి.

గెస్ట్: కొనేవాళ్లకు కనిపించే పేజీలు ఒక చోట, స్టాకు, ధరలు, ఆర్డర్లు ఇంకో చోట ఉంటాయి. రెండూ ఏపీఐ ద్వారా, అంటే సాఫ్ట్‌వేర్లు సమాచారం ఇచ్చిపుచ్చుకునే దారిలో, మాట్లాడుకుంటాయి. మామూలు షాపిఫై సైటులో ఇవి కలిసే వస్తాయి, థీమ్, అంటే రెడీమేడ్ డిజైన్, ఎంచుకుంటే చాలు. హెడ్‌లెస్‌లో కనిపించే భాగాన్ని మనమే రాయించుకోవాలి. దానికోసం షాపిఫైవాళ్లదే హైడ్రోజన్ అనే ఫ్రేమ్‌వర్క్, అంటే కోడు రాయడానికి తయారుగా ఉన్న చట్రం, ఉంది. కొందరు నెక్స్ట్ జేఎస్ వాడతారు.

హోస్ట్: నిజంగానే వేగం పెరుగుతుందా?

గెస్ట్: బాగా రాస్తే పెరుగుతుంది. కానీ తమ్ముడూ, ఇప్పుడు ఎందుకు నిదానంగా ఉందో ఎవరైనా చూశారా? గూగుల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ ఉచితమే. సైటు అడ్రస్ వేసి మొబైల్ రిపోర్టు చూడమనండి. పేజీలో అన్నిటికన్నా పెద్దగా కనిపించేది, ఇక్కడైతే చీర ఫోటో, 2.5 సెకన్లలోపు వస్తే గూగుల్ లెక్కలో బాగున్నట్టు. వెదురు కలంతో చేత్తో గీసిన పని కదా, ప్రతి గీతా కనిపించాలని పెద్ద పెద్ద ఫోటోలు పెడతారు. ఆ తపన న్యాయమైనదే. కానీ అవన్నీ హోం పేజీ స్లైడర్‌లోనే తిరగక్కర్లేదు. దానికితోడు సైటుకు తగిలించే అదనపు యాప్‌లు: పాప్-అప్‌కొక యాప్, రివ్యూలకొక యాప్, ఎప్పుడో తీసేసిన యాప్ తాలూకు కోడు. ముందు ఇవి సర్దండి. చాలా సైట్లకు ఆ పనే సరిపోతుంది.

హోస్ట్: మారితే పోగొట్టుకునేది ఏమైనా ఉందా?

గెస్ట్: ఉంది. బ్రహ్మోత్సవాలప్పుడు ఆఫర్ పెట్టాలనుకుంటే ఇప్పుడు థీమ్ ఎడిటర్ తెరిచి బ్యానర్ ఆవిడే మార్చుకోవచ్చు. హెడ్‌లెస్‌లో ఆ ఎడిటర్ ఉండదు. విడిగా సీఎంఎస్, అంటే పేజీల్లో రాతలు, ఫోటోలు మనమే మార్చుకునే సాఫ్ట్‌వేర్, పెట్టించుకోవాలి, లేదంటే ప్రతిసారీ డెవలపర్‌కు ఫోన్ చేయాలి. థీమ్‌లో ఇమిడిపోయే యాప్‌లు కూడా వాటంతటవి రావు, ఒక్కొక్కటీ మళ్లీ కలపాలి. ఇంకో సంగతి, షాపిఫై ఏపీఐకి మూడు నెలలకో కొత్త వెర్షన్ వస్తుంది. ఒక్కో వెర్షన్‌ను కనీసం 12 నెలలు నడుపుతారు. అంటే ఏడాదికి ఒకసారైనా ఆ కోడు ముట్టుకునే మనిషి ఉండాలి. కట్టించడానికి ఎంతవుతుందని అందరూ అడుగుతారు, ఏటా చూసుకోవడానికి ఎంతని ఎవరూ అడగరు. చిన్న షాపులు నలిగిపోయేది అక్కడే, నాకు బాధ కూడా దాని గురించే.

హోస్ట్: చేత్తో గీసిన చీర కాబట్టి ఒక్కో డిజైన్ ఒక్కటే ఉంటుంది కదా. దానివల్ల ఇబ్బందేమైనా ఉందా?

గెస్ట్: మంచి ప్రశ్న అడిగావు. స్టాకు ఒకటే. పొద్దున షాపు కౌంటర్లో అమ్ముడైంది అనుకో. వేగం కోసం హెడ్‌లెస్ పేజీలను ముందే తయారుచేసి దాచి ఉంచుతారు. ఆ పాత పేజీ ఇంకా 'ఉంది' అనే చూపిస్తుంది. చెన్నైలో ఎవరో ముచ్చటపడి కార్టులో వేసుకుంటారు, తీరా చెకౌట్ దగ్గర లేదంటుంది. ఆ కస్టమర్ మళ్లీ రారు. పేజీ దాచినా స్టాకు ఒక్కటి మాత్రం ప్రతిసారీ తాజాగా తెచ్చేలా రాయాలి. వాట్సాప్ కూడా చూసుకోవాలి. మనవాళ్లు చీర లింకు వాట్సాప్‌లోనే పంపుకుంటారు. పేజీ మొత్తం బ్రౌజర్లో తయారయ్యేలా రాస్తే లింకుతో పాటు ఫోటో రాదు. సర్వర్ నుంచే తయారై రావాలి.

హోస్ట్: మరి హెడ్‌లెస్ ఎవరికి నప్పుతుంది?

గెస్ట్: చిత్తూరు మామిడి గుజ్జు అమ్మే కంపెనీ అనుకో. మామూలు కొనుగోలుదారులకు ఒక సైటు, హోల్‌సేల్ వాళ్లకు వేరే ధరలతో ఇంకో సైటు, మొబైల్ యాప్, అన్నిటికీ స్టాకు ఒకటే, సొంత డెవలపర్లు జీతం మీద ఉన్నారు. వాళ్లు ధైర్యంగా వెళ్లొచ్చు. ఈ కలంకారీ ఆవిడకు మాత్రం ఇప్పుడు వద్దనే చెబుతాను.

హోస్ట్: ఆవిడ చివర్లో ఇంకో మాట రాశారు. డెవలపర్‌కు అడ్వాన్సు ఇచ్చేశారట.

గెస్ట్: టెన్షన్ పడొద్దు. ఆ డబ్బుకు ముందు ఫోటోలు, యాప్‌లు సర్దిపెట్టగలరేమో మర్యాదగా అడగమను. ఒకవేళ హెడ్‌లెసే చేయించుకుంటే డొమైన్, హోస్టింగ్, కోడు ఉండే గిట్‌హబ్ ఖాతా మూడూ ఆవిడ పేరు మీదే, ఆవిడ ఈమెయిల్‌తోనే తెరవాలి. తర్వాతి విడత డబ్బు కట్టే ముందే ఇది అయిపోవాలి.