ఊపిరాడలేదా, ఆడనివ్వలేదా? ఏ మాట ఎక్కడ వాడాలి

అందరికీ నమస్కారం. కడప నుంచి మాట్లాడుతున్నాను. ఊపిరి అందకుండా పోవడాన్ని, అందకుండా చేయడాన్ని చెప్పడానికి తెలుగులో ఉన్న మాటలను ఈ వీడియోలో చూద్దాం. ప్రతి మాటనూ వాక్యంలో పెట్టి చూపిస్తాను. ఈ ఊళ్లో ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ 1852లో అచ్చు వేయించిన నిఘంటువులోనూ చాలా మాటల పక్కన వాడుక కనిపిస్తుంది. మాట స్వభావం తెలిసేది అక్కడే.

తెర మీద మొదటి వాక్యం చూడండి. "పాతరలో దిగినవాడికి ఊపిరాడలేదు."

పాతర అంటే ధాన్యం దాచడానికి నేలలో తవ్విన గొయ్యి. మన సీమ పల్లెల్లో జొన్నలు ఇలాగే దాచేవారు. మూసిన గొయ్యిలో గింజలు కూడా శ్వాసిస్తాయి. ఆక్సిజన్ తగ్గిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. అది గాలికన్నా బరువైనది కనుక అడుగునే నిలుస్తుంది. అందుకే మూత తీసిన వెంటనే దిగనిచ్చేవారు కాదు, లోపలికి గాలి పారేదాకా ఆగేవారు.

ఇప్పుడు వాక్యం కట్టుబడి గమనించండి. దిగిన మనిషి పక్కన "కి" చేరింది. ఆడనిది ఊపిరి. చేసినవాడు అంటూ ఎవరూ లేరు. పాతర, పొగ కమ్మిన గది, పూడిక తీస్తున్న పాత బావి, ఇలాంటి చోట్ల ఈ మాట చక్కగా సరిపోతుంది.

దీనికి దగ్గరగా ఉండి వేరైనవి రెండున్నాయి. బెలుం గుహలు చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. 3,229 మీటర్ల పొడవున్న ఆ గుహల్లో లోపలికి పోయేకొద్దీ ఒళ్లంతా చెమటలు పడతాయి. అక్కడ "ఉక్కపోస్తోంది" అనాలి. మే నెలలో కిటికీ లేని గదిలో కూర్చుంటే "గాలి ఆడటం లేదు" అంటాం. ఈ రెండూ ఇబ్బందిని చెబుతాయి. "ఊపిరాడటం లేదు" అంటే మాత్రం ప్రాణం మీదికి వచ్చిందని అర్థం. పక్కవారు ఆ మాట అన్నారంటే వెంటనే లేచి సాయం చేయాలి. ఉక్కపోతకు ఆ మాట వాడి దాని బరువు తగ్గించవద్దు.

ఇక చేసినవాడు ఉన్నప్పుడు. "ఊపిరాడనివ్వలేదు", "ఊపిరాడకుండా చేశాడు" అనవచ్చు. ఎలా చేశాడో తెలిస్తే ఆ క్రియే రాయడం మేలు. గొంతు నులిమాడు, ముఖం మీద దిండు అదిమాడు, ముక్కూ నోరూ మూశాడు. వైద్యుల నివేదికల్లో వచ్చే "శ్వాసావరోధం" ఈ అన్నింటికీ పెద్ద గొడుగు; కథలో, వార్తలో అది ఏమీ చూపించదు.

నన్ను బాధపెట్టే వాడుక ఒకటి ఉంది. "సెప్టిక్ ట్యాంకులో ఊపిరాడక కార్మికుల మృతి" అనే తరహా శీర్షికలు తరచు చదువుతుంటాం. వ్యాకరణంలో తప్పు లేదు. హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి వాయువులు అక్కడ చేరతాయి, ఊపిరాడలేదన్నదీ నిజమే. కానీ రక్షణ పరికరాలు లేకుండా మనిషిని అందులోకి దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. దించినవారు ఉన్నారు. "ఊపిరాడక" అనే మాటలో వారికి చోటే లేదు. "రక్షణ లేకుండా ట్యాంకులోకి దించారు, ఇద్దరు ఊపిరాడక చనిపోయారు" అని రాస్తే రెండు మాటలు పెరుగుతాయి, నిజం మాత్రం పూర్తిగా వస్తుంది. వార్తలు రాయడం నేర్చుకుంటున్న పిల్లలకు ఇది గట్టిగా చెబుతున్నాను.

తర్వాత ఒక చిన్న జంట. "ఊపిరి తీసుకున్నాడు" అంటే గాలి పీల్చాడు. "ఊపిరి తీశాడు" అంటే చంపాడు. "కొను" చేరితే ఊపిరి తనకు దక్కింది, చేరకపోతే ఎదుటివారిది పోయింది. "మూసిన గదిలో బొగ్గుల కుంపటి వారి ఊపిరి తీసింది" అన్న వాక్యంలో చేసినవాడి స్థానంలో కుంపటి నిలిచింది. ఆ పని చేసేది వాసన లేని కార్బన్ మోనాక్సైడ్.

పొలమారడం వేరు, అది మెతుకో నీళ్లో అడ్డదారి పట్టినప్పుడు. ఊపిరి బిగపట్టడం మనంతట మనం చేసే పని.

ప్రాణభయం లేని వాడుకలకు వద్దాం. "వేరుశనగ కాయలు కొట్టే రోజుల్లో ఊపిరి సలపదు" అంటే పని తీరికనివ్వదని. "ఉక్కిరిబిక్కిరి" పొగకూ పనికొస్తుంది, ప్రశ్నలకూ పనికొస్తుంది, సంతోషానికి కూడా. "మనవరాలిని చూసి అవ్వ ఉక్కిరిబిక్కిరైంది" అంటే ఎంత బాగుందో చూడండి. ఆ సంతోషానికి "ఊపిరాడలేదు" పెట్టి చదవండి, అవ్వకు ఏమైందోనని కంగారు పడతాం. "గొంతు నొక్కడం" మాట్లాడనివ్వకపోవడానికి కూడా వస్తుంది: "సభలో రైతుల గొంతు నొక్కారు."

చివరగా నిప్పు. బాణలిలో నూనె అంటుకుంటే పొయ్యి కట్టేసి, మూత పెట్టి మంట ఆర్పాలి. నీళ్లు పోయకూడదు. ఈ పనికి "ఊపిరి" వాడం, "మంటకు గాలి అందకుండా చేయాలి" అంటాం.