పాస్‌పోర్టు కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గర ఉంటే అది పోయినట్టు కాదు: గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఔట్‌పాస్ గురించి తెలుసుకోండి

అందరికీ నమస్తే. గల్ఫ్‌లో ఉన్న అన్నలు, తమ్ముళ్లు, కువైట్ ఇళ్లల్లో పనిచేస్తున్న అక్కాచెల్లెళ్లు ఈ వీడియో చివరిదాకా వినండి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి గానీ, అటు రాయచోటి, రాజంపేట, గోదావరి జిల్లాల నుంచి గానీ వెళ్లినవాళ్లలో చాలామందికి ఉండే బాధే ఇది. "అన్నా, పాస్‌పోర్టు కఫీల్ దగ్గర ఉంది, ఇవ్వట్లేదు. పోయిందని పోలీసులకు రాసిచ్చి కొత్తది తీసుకోనా?"

వద్దు తమ్ముడూ. రేపు కఫీల్ ఆ పాస్‌పోర్టు తెచ్చి టేబుల్ మీద పెడితే అబద్ధపు ఫిర్యాదు చేసినవాడివి నువ్వవుతావు. ఉన్నదున్నట్టు ఎంబసీలో చెప్పు. అసలు ఆ పాస్‌పోర్టు కఫీల్‌ది కాదు. మన 1967 పాస్‌పోర్టు చట్టం 17వ సెక్షన్ ప్రకారం అది ఎప్పటికీ భారత ప్రభుత్వ ఆస్తి. అక్కడి చట్టాలు కూడా ఊరుకోవు. ఖతర్‌లో 2015 నాటి 21వ నంబరు చట్టం కింద కార్మికుడి పాస్‌పోర్టు అట్టిపెట్టుకున్న యజమానికి 25 వేల రియాళ్ల దాకా జరిమానా వేయొచ్చు. కువైట్‌లో ఇంటిపనివాళ్ల పాస్‌పోర్టు దాచుకోకూడదని 2015లోనే చట్టం చేశారు. అయినా దాస్తున్నారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

నిజంగానే పోయిందనుకోండి, అప్పుడు ముందు అక్కడి పోలీసు రిపోర్టు, తర్వాత ఎంబసీ. అక్కడే ఉండి పనిచేసుకునేవాళ్లు కొత్త పాస్‌పోర్టుకే పెట్టుకోవాలి. ఒకసారి పోయిందని రాయించాక పాతది రద్దవుతుంది. తర్వాత పెట్టె అడుగున దొరికినా దాంతో ప్రయాణం చేయకండి, ఎయిర్‌పోర్టులో ఆపేస్తారు.

ఇక ఇంటికి వచ్చేయాలనుకునేవాళ్లకు ఔట్‌పాస్. కాగితాల మీద దాని పేరు ఎమర్జెన్సీ సర్టిఫికెట్. ఇండియాకి ఒక్కసారి రావడానికే పనికొస్తుంది. చాలామంది నలిగిపోయేది దీని దగ్గరే, కాస్త నిదానంగా వినండి. ఔట్‌పాస్ మన దేశం తలుపు తీస్తుంది గానీ, ఆ దేశం తలుపు తీయదు. అకామా, అంటే అక్కడ ఉండే పర్మిట్, అయిపోయి ఉన్నా, పని వదిలి పారిపోయాడని కఫీల్ ఫిర్యాదు (హురూబ్) పెట్టినా, కోర్టులో కేసు ఉన్నా ముందు అక్కడి ప్రభుత్వం ఎగ్జిట్, అంటే దేశం విడిచి వెళ్లే అనుమతి, ఇవ్వాలి. అది లేకుండా టికెట్ కొంటే ఆ డబ్బు పోయినట్టే. "ఔట్‌పాస్ ఇప్పిస్తా, అన్నీ నేనే చూసుకుంటా" అని పైసలు అడిగే ఏజెంటును "మరి ఎగ్జిట్ సంగతేంటి?" అని అడగండి.

వీసా గడువు దాటి ఉన్నవాళ్లకు అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష పెట్టినప్పుడు మాత్రం ఆలస్యం చేయకండి. 2024లో కువైట్ మార్చి 17న మొదలుపెట్టి జూన్ ఆఖరుదాకా ఇచ్చింది. యూఏఈ సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు 31 దాకా ఇచ్చింది, వీసా దాటి ఉన్నందుకు పడిన జరిమానాలు మాఫీ చేసింది. ఆఖరి వారం దాకా ఆగితే లైన్లు చూసి గుండె జారిపోతుంది.

చేతిలో జిరాక్స్ కూడా లేకపోతే? పాస్‌పోర్టు నంబరు తెలిసినా చాలు, పని చాలా సులువవుతుంది. అదీ లేకపోతే మీరు భారతీయులేనని ఊరి నుంచి విచారణ జరిగి రావాలి, దానికి రోజులు పడతాయి. అందుకే పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ ఇప్పుడే ఫోటో తీసి ఇంట్లోవాళ్లకు వాట్సాప్‌లో పంపండి. టికెట్‌కు కూడా డబ్బులేని స్థితిలో ఉంటే ఎంబసీలో సిగ్గుపడకుండా అడగండి. 2009 నుంచి ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి ఒకటి ఉంది, కష్టంలో ఉన్నవాళ్ల కోసమే అది. ఇంట్లోవాళ్లు ఇక్కడి నుంచి మన విదేశాంగ శాఖ వెబ్‌సైటు మదద్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టొచ్చు.

ఇంటికి చేరాక మళ్లీ పాస్‌పోర్టుకు పెట్టుకునేటప్పుడు ఫారంలో ఒక ప్రశ్న వస్తుంది, ఎప్పుడైనా ఎమర్జెన్సీ సర్టిఫికెట్ మీద తిరిగొచ్చారా అని. అవును అనే రాయండి, వివరాలు ఇవ్వండి. దాని కోసం ఔట్‌పాస్ జిరాక్స్ ఒకటి విమానం ఎక్కకముందే తీసి పెట్టుకోండి.