తుపాకీ లైసెన్సు: చట్టం ఎంత ఇస్తుంది, అధికారి చేతిలో ఎంత ఉంది?

[తెరపై: మన్యం కొండలు, పాత పోలీస్ స్టేషన్]

1922 ఆగస్టు 22న చింతపల్లి. మర్నాడు కృష్ణదేవిపేట. ఆ మర్నాడు రాజవొమ్మంగి. వరసగా మూడు పోలీస్ స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దండు పడింది. తుపాకుల కోసం. అప్పట్లో ఉన్నది 1878 ఆయుధాల చట్టం. లైసెన్సు లేకుండా భారతీయుడు తుపాకీ ఉంచుకోకూడదు. ఆ చట్టం తెచ్చిన రోజుల్లో తెల్లవాళ్లకు మాత్రం మినహాయింపు.

అందుకే 1931లో కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకోవడాన్ని కూడా పౌరుడి హక్కుగా రాశారు. 1948 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ హక్కు కోసమే సవరణ పెట్టారు. అంబేద్కర్ ఒప్పుకోలేదు, సవరణ వీగిపోయింది. ఇవాళ 19వ అధికరణంలో ఉన్నది ‘ఆయుధాలు లేకుండా’ శాంతియుతంగా గుమిగూడే హక్కు.

[తెరపై: దరఖాస్తు ఫారం, దగ్గరగా]

ఇప్పుడు నడుస్తున్నది 1959 చట్టం, 2016 నిబంధనలు. వయసు 21 నిండాలి. ఫారం ఏ-1 నింపి, ఆయుధ శిక్షణ సర్టిఫికెట్, వైద్య సర్టిఫికెట్ జతచేసి జిల్లాలో కలెక్టర్‌కి, కమిషనరేట్ ఉన్నచోట పోలీస్ కమిషనర్‌కి ఇవ్వాలి. నిషేధిత బోర్ (మామూలుగా పౌరులకి ఇవ్వని గొట్టం సైజు) ఆయుధమైతే కేంద్ర హోం శాఖే తేల్చాలి. 2019 సవరణ తర్వాత ఒకరికి రెండే తుపాకులు, లైసెన్సు గడువు అయిదేళ్లు.

ఎక్కువ దరఖాస్తులు ఆగేది స్టేషన్ నుంచి వెళ్లే రిపోర్టు దగ్గర. ‘ఆత్మరక్షణ కోసం’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే, ‘ప్రాణహాని ఉన్నట్టు ఆధారం లేదు’ అని రిపోర్టు వెళ్లిపోతుంది. బెదిరింపుల మీద ఫిర్యాదు ఇచ్చి ఉంటే దాని రసీదు, ఎఫ్ఐఆర్ కాపీ దరఖాస్తుకి జతచేయండి.

రైతులకి ఇందులో ఒక తేడా ఉంది. పంట కాపలాకి మూతి నుంచి మందు దట్టించే తుపాకీ అడిగితే, 13వ సెక్షన్ భాష మెత్తగా ఉంటుంది: లైసెన్సు ఎప్పుడు కాదనాలో చెప్పే 14వ సెక్షన్ అడ్డంకులు లేకపోతే ఇవ్వాలి అంటుంది. పిస్టల్‌కి అలా కాదు, తగిన కారణం ఉందని అధికారికి నమ్మకం కలగాలి. కానీ లైసెన్సు వచ్చింది కదా అని అడవి పందిని కాల్చేయకండి. దానికి వన్యప్రాణి చట్టం కింద అనుమతి విడిగా ఉండాలి.

ఆ ‘తగిన కారణం’ దగ్గరే అమెరికా మనకి పూర్తి ఎదురు. బయట తుపాకీ దాచుకుని తిరగాలంటే ప్రత్యేక కారణం చూపాలన్న న్యూయార్క్ నిబంధనని 2022 జూన్‌లో వాళ్ల సుప్రీంకోర్టు 6-3తో కొట్టేసింది. అక్కడది రాజ్యాంగ హక్కు.

[తెరపై: 14వ సెక్షన్]

మన చట్టంలో నన్ను కలవరపెట్టేది 14వ సెక్షన్. ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు కాదనకూడదు, ఇది మంచి మాట. కాదంటే కారణం రాతలో ఉండాలి, అడిగితే క్లుప్తంగా చెప్పాలి. ఆ వెంటనే ఒక మెలిక: చెప్పడం ప్రజాహితం కాదని అధికారి అనుకుంటే చెప్పక్కర్లేదు! కారణం తెలియనివాడు 18వ సెక్షన్ కింద అప్పీలులో ఏం వాదిస్తాడు? పైగా ఆ ఉత్తర్వు ప్రభుత్వమే ఇచ్చిందైతే ఆ అప్పీలు కూడా లేదు, హైకోర్టుకే వెళ్లాలి. తుపాకీ మీద కట్టడి ఉండాల్సిందే. బరాత్‌లో సరదాకి గాల్లోకి కాల్చి జనం ప్రాణం మీదికి తెస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ అన్నది సరైన చట్టం. చెప్పని కారణంతో కాదనడం మాత్రం కట్టడి కాదు.

[తెరపై: స్టేషన్ రసీదు]

ఎన్నికలప్పుడు తుపాకీ డిపాజిట్ చేయమని నోటీసు వస్తే, ముందు తూటాలు తీసేసి ఖాళీ చేయండి. రసీదు మీద తుపాకీ నంబరు, తూటాల లెక్క అక్కడే నిలబడి లైసెన్సుతో సరిచూసుకోండి. ఒక్క అంకె తప్పు పడినా, తిరిగి తెచ్చుకునే రోజు అది మీ తుపాకీయేనని మళ్లీ రుజువు చేసుకోవాలి.